మూడో కుర్చీ మౌనం

పోయిన వారం మనం కత్తెరమ్మని గెలిచిన మనిషిగా వదిలిపెట్టి వచ్చాం. ఆ గెలుపు ఎలాంటిదో మరిచిపోయినవాళ్ళ కోసం, ఆ సంచికని చదివి ఇస్తామని పట్టుకుపోయిన పక్కింటివాళ్ళు ఇప్పటికీ తిరిగివ్వక చదవలేకపోయినవాళ్ళ కోసం, ఒక్కసారి చెప్పుకుని ముందుకు పోదాం.

టీవీలో రోజూ సాయంత్రం వచ్చే 'తేల్చుకుందాం' చర్చని నడిపే మనిషి ఆమె. ఎంత పెద్దవాళ్ళ మాటనైనా సగంలో తుంచేస్తుంది కాబట్టి జనం ముద్దుగా కత్తెరమ్మ అంటారు. ఆమె మీద ముద్దు లేనివాళ్ళు కూడా అదే అంటారు. ఆ రోజు చర్చ ఏమిటంటే, తాగుడు మానాలనుకునేవాళ్ళు కొన్నాళ్ళుండి కుదుటపడే ఇల్లు ఒకటి కాపురాలుండే వీధిలో ఉండొచ్చా, ఉండకూడదా అని. వీధివాళ్ళు ససేమిరా అన్నారు. ఉండాలని చెప్పడానికి వచ్చినవాళ్ళలో మూడో కుర్చీలో కూర్చున్నది ఒక దర్జీ ఆవిడ. ఆమె కొడుకు ఆ ఇంట్లో ఉండే తాగుడు మానాడు. కత్తెరమ్మ ఆమెని ఒక్క ప్రశ్న అడిగింది. "మీ మనవరాలిని, అంటే మీ అబ్బాయి సొంత కూతుర్ని, ఒక్క రాత్రి అతని దగ్గర ఒంటరిగా వదిలి వెళ్తారా?" దర్జీ ఆవిడ పెదవులు కదిలాయి. మాట మాత్రం రాలేదు. కెమెరా ఆ ముఖం మీదే నిలబడిపోయింది. "మాకు జవాబు దొరికింది" అంది కత్తెరమ్మ. ప్రకటనలు వచ్చేశాయి.

ఆ మౌనం మర్నాటికల్లా ఊరంతా తిరిగింది. ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. 'కన్నతల్లికే నమ్మకం లేదు, మేమెందుకు నమ్మాలి?' అని అట్టల మీద రాసుకుని వీధివాళ్ళు ఆ ఇంటి గేటు ముందు నిలబడ్డారు. ఇల్లు ఉంచాలా, మూయించాలా అన్నది రేపు నగరసభలో తేలాలి. ఇంక తేలడానికి పెద్దగా ఏమీ మిగల్లేదని అందరూ అంటున్నారు.

కత్తెరమ్మ ఇంట్లో మాత్రం ఆ వీడియో ముక్కకి బ్రహ్మరథం పట్టారు. ముఖ్యంగా అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కుర్చీ దిగరు, ఫోను ఆవిడ చెయ్యి దిగదు.

"అమ్మాయ్, ఇటు చూడు. మా పిన్ని కూతురు పంపింది. మొన్న దానికి పంపింది నేనే, తిరిగి తిరిగి మళ్ళీ నాకే వచ్చింది. ఎంత పాకిపోయిందో చూడు!"

"చూశాను అత్తయ్యా."

"ఒక్క ప్రశ్నతో నోరు మూయించావు. మీ మామగారు బతికుంటే ఆయన నోరు కూడా నువ్వే మూయించేదానివి. నాకు జీవితమంతా చేతకాలేదు."

కత్తెరమ్మ నవ్వబోయి ఊరుకుంది. కాఫీ సగంలో వదిలేసి సంచీ భుజాన వేసుకుంది. ఆ వీడియో ఎవరు చూపించినా ఆమె కళ్ళు దర్జీ ఆవిడ ముఖం మీద నిలవడం లేదు. కిందికి, బల్ల అంచు వైపు జారిపోతున్నాయి. తెర మీద ఆ అంచు కనపడదు. కనపడదని తెలిసి కూడా వెతుకుతోంది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకోవడమంటే ఇదేనేమో. ఇందులో నేనామెని వెనకేసుకురాదలచుకోలేదు. మీరు కూడా తొందరపడకండి.

ఆమె స్టూడియోకి చేరి మేకప్ గదిలో కూర్చుందో లేదో గేటు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, ఆ రోజు వీడియోలో ఆవిడ వచ్చింది. మిమ్మల్ని చూస్తేగానీ పోనంటోంది. పొద్దున్నే వచ్చి కూర్చుంది. పంపించెయ్యమంటారా?"

తిట్లు తినడం కత్తెరమ్మకి కొత్త కాదు. తిట్టేవాళ్ళకి ఎదురు చెప్పడం మీదే ఆమె బతుకు నడుస్తోంది. పైకి పంపమంది. మేకప్ చేసే అమ్మాయిని కాసేపు బయటికి వెళ్ళమంది. అద్దం వైపు వీపు పెట్టి కూర్చుంది.

దర్జీ ఆవిడ గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది. మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి వచ్చినట్టుంది. వేళ్ళ చివర సుద్ద అంటుకుని ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నా మీద కోపంగా ఉన్నారా అమ్మా?" అంది.

తిట్లకి సిద్ధమై కూర్చున్న కత్తెరమ్మ తలెత్తి చూసింది.

"నాకెందుకండీ కోపం?"

"మీ ప్రోగ్రాం పాడుచేశాను కదా. అంత పెద్దపెద్దవాళ్ళ మధ్య కూర్చోబెట్టి అడిగితే మొద్దులాగా కూర్చున్నాను. క్షమించమని అడుగుదామని వచ్చాను."

"క్షమించడమేమిటండీ..."

"లేదమ్మా, వినండి. ఆ రోజు చెవిలో వైరు పెట్టుకున్న ఒకమ్మాయి నన్ను కూర్చోబెట్టింది కదా, ఆ అమ్మాయి ముందే చెప్పింది. 'ఆంటీ, మీ ముందు ఎర్రలైటు ఉంది చూశారా, అది వెలిగితేనే మాట్లాడండి, లేకపోతే మీరు అరిచినా ఎవరికీ వినపడదు' అని. నేను అలాగే చేశాను. మీరు అడగ్గానే చెబుదామని నోరు తెరిచాను. లైటు రాలేదు. వస్తుందిలే అని దానివైపే చూస్తూ కూర్చున్నాను. ఈలోపు మీరు జవాబు దొరికిందన్నారు." ఆవిడ టేపు చివర్ని వేలికి చుట్టుకుంది. "లైటు రాకపోయినా మాట్లాడెయ్యాలా అమ్మా? నా పక్కనాయన అలాగే మాట్లాడాడు. నాకు తెలీలేదు."

ఇక్కడ ఆ స్టూడియోలో పని ఎలా జరుగుతుందో కాస్త చెప్పాలి. చర్చలో కూర్చున్న ప్రతి ఒక్కరి ముందూ ఒక మైకు, మైకు పక్కన చిన్న ఎర్రలైటు ఉంటాయి. ఆ మైకుల్ని తెరిచేదీ మూసేదీ పక్కగదిలో ఉన్న ప్రొడ్యూసరు. తెరిస్తే లైటు వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది. రోజూ వచ్చి అరిచే పెద్దమనుషులెవరూ ఆ లైటుని ఖాతరు చెయ్యరు. వాళ్ళ గొంతు పక్కవాళ్ళ మైకులోంచైనా దూరి బయటికి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు, అందులోనూ చెప్పిన మాట వినేవాళ్ళు మాత్రమే లైటు కోసం కాచుకుని కూర్చుంటారు. కాచుకున్నవాళ్ళు చూసేవాళ్ళకి తెల్లముఖం వేసినట్టు కనిపిస్తారు.

"లైటు వచ్చి ఉంటే ఏం చెప్పేవారు?" అంది కత్తెరమ్మ.

"ఏముందమ్మా, వదుల్తాననే. ఒక్క రాత్రేమిటి, వాడి కూతురు వాడి దగ్గర ఉండటానికి నా అనుమతేమిటి అనేదాన్ని." దర్జీ ఆవిడ నవ్వింది. నవ్వు వెంటనే ఆరిపోయింది. "వాడు ఇంటికి రావట్లేదమ్మా. ఆ ప్రోగ్రాం వచ్చినప్పటి నుంచి తను పనిచేసే షాపులోనే పడుకుంటున్నాడు. పాప తల్లి వీడి తాగుడు పడలేక ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడు వీడూ లేకపోతే పాప బెంగపడదా? లైటు సంగతి వాడికి చెప్పాను. వినడు. 'నీ మనసులో ఏముందో తెలిసిందిలే అమ్మా' అంటాడు. ఇంకేం మాట్లాడడు. మీరొచ్చి ఒక్క మాట చెబితే చాలు, లైటు రాలేదని. మీరు చెబితే నమ్ముతాడు. మీరు చెప్పింది అందరూ నమ్ముతారు కదా."

ఆ చివరి మాట ఆవిడ మెచ్చుకోలుగానే అంది. కత్తెరమ్మకి తల కొట్టేసినట్టయింది. లేచి, నీళ్ళు తాగి వస్తానని నడవాలోకి వచ్చేసింది. అక్కడ నీళ్ళు లేవు. గోడ ఉంది. దానికి భుజం ఆనించి ప్రొడ్యూసర్‌కి ఫోన్ చేసింది.

ఆయన ఆమెకి చెవిలో గొంతు. చర్చ నడుస్తున్నంతసేపూ ఆమె చెవిలోనే ఉంటాడు. ఎవర్ని ఆపాలో, ఎవర్ని ఎగదొయ్యాలో అక్కణ్ణించే చెబుతాడు.

"నేనే చేద్దామనుకుంటున్నాను," అన్నాడాయన ఎత్తగానే. "ఆవిడ మన స్టూడియోకి వచ్చిందటగా! వెతకబోయిన తీగ కాలికి తగిలింది. రేపు నగరసభ, ఇవాళ మనం ఆ ఇంటి మీదే రెండో భాగం పెడుతున్నాం. ఆవిడని మళ్ళీ మూడో కుర్చీలో కూర్చోబెట్టు. అదే ప్రశ్న మళ్ళీ అడుగు."

"ఆ రోజు ఆవిడ మైకు ఎందుకు తెరవలేదు?"

"ఏమిటి?"

"మూడో మైకు. ఆవిడ చెప్పబోయింది. మీరు తెరవలేదు."

"తెరిస్తే ఏం చెప్పేది? వదుల్తాననేది. ఏ తల్లైనా అదే అంటుంది. అందులో చూడ్డానికేముంది?" ఆయన గొంతులో కోపం లేదు. లెక్కల మాస్టారు మొద్దు పిల్లకి విడమరిచి చెప్పినట్టు చెప్పాడు. "నేను ఆవిడ ముఖం మీదే ఆగమన్నాను, నువ్వు ఆగావు. జవాబు దొరికింది అన్న మాట నేను చెప్పలేదమ్మా, అది నీదే. మంచి మాట. అయినా నన్నడుగుతావేమిటి? అన్ని మైకుల లైట్లూ నీ బల్ల మీద కూడా ఉంటాయిగా. నువ్వు చూడలేదా?"

చూసింది. అదీ సంగతి. అతిథుల ముందున్న లైట్లన్నిటికీ జోడు బల్బులు ఆమె చేతికింద వరసగా ఉంటాయి. ఆ రోజు మూడోది వెలగలేదు. దర్జీ ఆవిడ పెదవులు కదిలి ఆగిపోవడం, మూడో బల్బు చీకటిగా ఉండటం, రెండూ ఒకే చూపులో చూసింది. 'ఆవిడ మైకు తెరవండి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అలా అడగడం మామూలే. రోజుకోసారైనా అడుగుతుంది. ఆ రోజు అడగలేదు. అడిగితే ఆ ముఖం అంత బాగుండదని ఆమెకీ తెలుసు.

ఇన్నాళ్ళూ తప్పు ఆ చెవిలో గొంతుదని సర్దిచెప్పుకుంటూ వచ్చింది. దొంగకి తేలు కుట్టినట్టు లోపల్లోపలే మెలికలు తిరిగింది. ఇప్పుడు ఆ గొంతే ఆమె వాటా ఆమెకి తేల్చి చెప్పింది.

"నేను బయటికి వెళ్ళొస్తాను," అని ఫోన్ పెట్టేసింది.

కారులో దర్జీ ఆవిడ ముందు సీట్లో కూర్చుని దారి చెబుతూ, మధ్యమధ్యలో కొడుకు గురించి చెబుతూ వచ్చింది. వాడు పాపకి రోజూ తలదువ్వుతాడట, పాపిడి మాత్రం వంకరగా తీస్తాడట, బళ్ళో అందరూ నవ్వుతున్నా పాప సరిచెయ్యనివ్వదట. కత్తెరమ్మ ఊఁ కొడుతూ నడిపింది. చెప్పాల్సిన మాట ఆమె అప్పటికే తయారుచేసుకుంది. లైటు పాడైంది, మీ అమ్మగారి తప్పేం లేదు. అంతే. అబద్ధం కూడా కాదు, లైటు రాలేదన్నది నిజమే కదా. కొడుకు ఇంటికొస్తాడు, తల్లి సంతోషిస్తుంది, తన పరువూ నిలుస్తుంది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సందు దొరక్కపోతుందా?

ఆ షాపులో కాలిపోయిన ఫ్యాన్లూ నీటి మోటార్లూ బాగుచేస్తారు. రెక్కలు ఊడదీసిన ఫ్యాన్లు గోడ పక్కన పేర్చి ఉన్నాయి. మాడిన తీగల వాసన, వార్నిష్ వాసన కలిసి ముక్కుకి పట్టేస్తున్నాయి. మేస్త్రీ లేడు. కొడుకు ఒక్కడే ఉన్నాడు, ఎత్తుపీట మీద కూర్చుని చేత్తో తిప్పే మర మీద రాగి తీగ చుడుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గుమ్మంలో ఎవరో తెలిసి కూడా తలెత్తలేదు. పెదవులు కదుల్తున్నాయి.

"చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు," అంది తల్లి గుసగుసగా. "మధ్యలో పిలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

ఇద్దరూ నిలబడ్డారు. మాట మధ్యలో తుంచడమే అలవాటైన మనిషి, ఒకతను తీగ చుట్టడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని నిలబడింది. అతను చివర తుంచి, ముడి వేసి, అప్పుడు తలెత్తాడు.

"ఈవిడనెందుకు తీసుకొచ్చావమ్మా?"

"లైటు సంగతి చెబుతారురా. నేను చెబితే నమ్మలేదుగా. ఆవిడే స్వయంగా వచ్చారు."

"నమస్కారమండీ," అంది కత్తెరమ్మ. "ఆ రోజు మీ అమ్మగారి మైకు లైటు పనిచెయ్యలేదు. చిన్న లోపం. ఆవిడ మాట్లాడకపోవడం ఆవిడ తప్పు కాదు."

"చూశావా!" అంది తల్లి. ముఖం విప్పారింది.

కొడుకు చేతులు తుడుచుకున్నాడు. "మొదట్లో అమ్మ మాట్లాడింది కదా మేడమ్? ఆ ఇంట్లో నన్నెలా చూసుకున్నారో చెప్పింది. అప్పుడు పనిచేసిందా?"

"అవునవును, అప్పుడు బాగానే వెలిగింది," అంది తల్లి ఉత్సాహంగా.

"చివర్లో మీరందరికీ ధన్యవాదాలు చెప్పాక, అమ్మ నమస్కారం అంది. అదీ వినపడింది. అప్పుడూ పనిచేసింది. ఆ ప్రశ్నకి మాత్రమే పాడైందా?"

అతను కోపంగా అడగలేదు, ఎగతాళిగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు. కత్తెరమ్మ ఇన్నేళ్ళలో వందలమందిని ఇలాగే మూలకి తోసింది. తోసిన చోట నిలబడితే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తల్లి ముఖం ఇంకా అలాగే విప్పారి ఉంది. ఆ ముఖం చూస్తూ అబద్ధం చెప్పడం ఆమెవల్ల కాలేదు.

"పాడవలేదు," అంది. "తెరవలేదు. మీ అమ్మగారు మాట్లాడకుండా ఉంటేనే బాగుంటుందని తెరవలేదు. అది నాకు తెలుసు. ఆ లైట్లు నా బల్ల మీద కూడా ఉంటాయి. వెలగలేదని నేను చూశాను. చూసి కూడా, జవాబు దొరికిందని అన్నాను."

షాపులో వార్నిష్ ఆరడానికి పెట్టిన హీటరు సన్నగా మోగుతోంది. దర్జీ ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా ఆవిడ గొంతు పెరగలేదు.

"నేను లైటు వైపు చూస్తూ కూర్చున్నానమ్మా," అంది. "మీరు కూడా చూస్తున్నారా?"

భూమి చీలితే బాగుండుననుకోవడం పాత మాటే. కత్తెరమ్మకి ఆ పూట అదొక్కటే కోరిక. ఏదో ఒక తిట్టు తిట్టి ఉంటే ఎదురు నిలబడేది. ఆవిడ తిట్టలేదు. ఇంతసేపూ కత్తెరమ్మ పక్కనే నిలబడిన మనిషి, రెండడుగులు జరిగి కొడుకు పక్కకి వెళ్ళి నిలబడింది.

"నన్ను క్షమించండి," అంది కత్తెరమ్మ. పొద్దున్న మేకప్ గదిలో ఇదే మాట ఆవిడ తనకి చెప్పిందని గుర్తొచ్చింది.

కొడుకు ఆమె వైపు చూడటం లేదు. తల్లినే చూస్తున్నాడు.

"అయితే నువ్వు నిజంగానే వదుల్తానని చెప్పేదానివా?"

"అదేగా నాయనా మొదట్నుంచీ మొత్తుకుంటున్నది! ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా? ఇంటికి పద. పాప ఎదురుచూస్తోంది."

అతను లేవలేదు. చుట్టిన తీగని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ కింద పెట్టాడు.

"నేను అలిగి ఇంటికి రావట్లేదనుకున్నావా అమ్మా?"

"మరి?"

"టీవీలో నువ్వు అలా ఆగిపోతే, హమ్మయ్య, నేనింకా కుదుటపడలేదని అమ్మకి తెలుసు అనుకున్నాను. నా నోటితో చెప్పే పని తప్పిందనుకున్నాను." గొంతు సవరించుకున్నాడు. "మొన్న సాయంత్రం పని అయ్యాక బారు దాకా నడిచాను. కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. తలుపు కూడా తోశాను. లోపలికి వెళ్ళలేదు, వెనక్కొచ్చేశాను. ఆ పూట వచ్చాను. ప్రతి పూటా వస్తానని నేను మాటివ్వలేను."

"వచ్చేశావుగా! అదే చాలు."

"చాలదమ్మా. పాపని ఇప్పుడే నా దగ్గర ఒంటరిగా వదలకు. ఆవిడ అడిగిన ప్రశ్న తప్పు కాదు. నీ జవాబే తప్పు."

దర్జీ ఆవిడ పీట కోసం వెనక్కి చెయ్యి చాపింది. కొడుకే లేచి ఆమెని కూర్చోబెట్టాడు. ఆమె అతని చెయ్యి వదల్లేదు.

"ఇవాళ పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళాను," అన్నాడతను, ఈసారి ఇద్దరికీ వినపడేట్టు. "మళ్ళీ కొన్నాళ్ళు ఉంటానని అడిగాను. అక్కడ వార్డెన్ అక్కయ్య ఏడ్చింది. నగరసభ తేల్చేదాకా కొత్తగా ఎవర్నీ చేర్చుకోవద్దన్నారట. ఎవరో కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఉన్నవాళ్ళు సంచులు సర్దుకుని కూర్చున్నారు, ఎక్కడికి వెళ్ళాలో తెలీక. అందులో ఒకతను నన్ను గుర్తుపట్టి, 'మీ అమ్మే కదా మన కొంప ముంచింది' అన్నాడు. నేనేం చెప్పను? అవునన్నాను."

కత్తెరమ్మ సంచీలో ఫోన్ మోగింది. ఎవరో చూడక్కర్లేదు. మోగి మోగి ఆగింది.

"సాయంత్రం మళ్ళీ ఆ చర్చే కదా మేడమ్?" అన్నాడతను.

"మీకెలా తెలుసు?"

"పొద్దుట్నుంచీ టీవీలో ఊదరగొడుతున్నారుగా. అమ్మని పిలవొద్దు. నేనొస్తాను. అదే ప్రశ్న నన్నడగండి. నా కూతుర్ని నా దగ్గర ఒంటరిగా వదలొద్దు, నా మీద నాకే నమ్మకం లేదని చెబుతాను. అందుకే ఆ ఇల్లు ఉండాలని, అది లేకపోతే నాలాంటివాడు బారుకి తప్ప ఇంకెక్కడికీ పోలేడని కూడా చెబుతాను." అతను మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "నాకు అడిగేది ఒకటే. మొదటి ముక్క చెప్పాక, రెండో ముక్క పూర్తయ్యేదాకా నన్ను మాట్లాడనిస్తారా?"

ఇంత చిన్న ప్రశ్న ఎవరూ ఎప్పుడూ ఆమెని అడగలేదు. మొదటి ముక్క దొరికితే ప్రొడ్యూసరు గాల్లో తేలిపోతాడు. రెండో ముక్క దాకా ఆగడు. తండ్రే వద్దన్నాడని రేపు పొద్దున్నకి కొత్త అట్టలు రాస్తారు, నగరసభ ఆ ఇంటికి తాళం వేస్తుంది, ఈ మనిషి ఆ తలుపు ముందు నిలబడి ఉంటాడు. రెండో ముక్క కూడా వినపడితే మాత్రం, ఆ ఇంటి కోసం ఇంతవరకూ ఎవరూ మాట్లాడనంత నిజం మాట్లాడినట్టవుతుంది. తప్పకుండా అని చెప్పడం తేలిక. అది ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

"నాకు తెలీదు," అంది. సిగ్గుతో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. మళ్ళీ చెప్పింది. "ఆ మైకు నా చేతుల్లో లేదు. నేను కొట్లాడతాను. కానీ ఆపరని మాటివ్వలేను."

అతను తల్లి చెయ్యి మెల్లిగా విడిపించుకున్నాడు.

"మాటివ్వలేనన్నారు కదా, అదే బాగుంది," అన్నాడు. "నేనూ ఇవ్వలేని మనిషినే. పదండి."

మరకల చొక్కా విప్పి, మేకుకి వేలాడుతున్న ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. హీటరు స్విచ్ కట్టేశాడు. బొత్తాలు పెట్టుకుంటూనే బయటికి నడిచాడు.

కత్తెరమ్మ వెనకే వెళ్ళబోయింది. దర్జీ ఆవిడ ఆమె ముంజేతిని పట్టుకుంది. ఈసారి పట్టు గట్టిగా ఉంది. సుద్ద వేళ్ళు ఆమె చేతి మీద తెల్లగా దిగాయి. ఆవిడ కళ్ళలో పొద్దున్నటి మర్యాద లేదు, భయం ఒక్కటే ఉంది.

"నాన్న దగ్గర వదలొద్దని నాన్నే చెప్పాడని బళ్ళో అందరూ అంటారమ్మా," అంది. "ఆ పిల్లకి నేనేం చెప్పను?"

బయట కారు తలుపు మూసుకున్న చప్పుడైంది. కొడుకు అప్పటికే వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు.